ఒక తల్లి, నాలుగు దేశాలు

కన్నుమూసిన తల్లిని ఎలా స్మరించుకోవాలి? ఈ ప్రశ్న ప్రతి ఇంటి గడపనూ ఏదో ఒకనాడు తొక్కి తీరుతుంది. జనాజా లేచిన తరువాత మూడు దినాలు ఇల్లంతా బంధువులతో నిండి ఉంటుంది. వచ్చినవారందరూ ఆమె ఓర్పును తలుచుకుంటారు, చేతి వంటను తలుచుకుంటారు, మగ్ఫిరత్ కోసం దుఆ చేసి ఎవరి ఊరికి వారు వెళ్ళిపోతారు. ఏడాది తిరిగేసరికి ఆ తల్లిని గురించి మన నోట రెండు మూడు మాటలే మిగులుతాయి. చాలా మంచి మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. పిల్లల కోసమే బ్రతికింది. ఈ మాటలు అబద్ధాలు కావు. అయితే ఇవి ఏ తల్లికైనా సరిపోయే మాటలు. పక్కింటి తల్లికీ ఇవే చెబుతారు, ఎదురింటి తల్లికీ ఇవే చెబుతారు. మన తల్లిని మన తల్లిగా గుర్తుపట్టే ఆనవాలు వీటిలో ఒక్కటీ ఉండదు.

భర్త పెద్ద హోదాలో ఉన్నవాడైతే ఈ మరుపు మరింత చిక్కనవుతుంది. ఆయన పేరు దస్తావేజుల్లో ఉంటుంది, ఫోటోల కింద ఉంటుంది. ఆమె మాత్రం “ఫలానా వారి సతీమణి”. దేశాలు తిరిగే రాయబారుల ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ. ఈ మాసం మేము అటువంటి ఒక ఇల్లాలి జీవితాన్ని మా పాఠకుల ముందు ఉంచదలిచాము. ఆమె బేగం షాయిస్తా సుహ్రవర్దీ ఇక్రాముల్లాహ్. 1915 జూలై 22న కలకత్తాలో జన్మించి, 2000 డిసెంబరు 11న కరాచీలో ఎనభై ఐదేళ్ళ వయసులో పరమపదించారు. ఆమె ముస్లిం లీగ్ రాజకీయాల్లో పాల్గొన్నవారు. ఆ రాజకీయాలతో ఏకీభవించని వారు మా పాఠకుల్లో అనేకులు ఉంటారని మాకు తెలుసు. ఆ తగవును తీర్చడం ఈ వ్యాసం పని కాదు. ఒక స్త్రీ, ఒక భార్య, ఒక తల్లి తన కాలంలో ఎంత బరువు మోసిందో చూడడమే మా ఉద్దేశం.

పరదా లోపలి చదువు

షాయిస్తా తండ్రి డాక్టర్ హసన్ సుహ్రవర్దీ పేరుమోసిన వైద్యులు. 1930 నుండి 1934 వరకు కలకత్తా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. ఆ పదవిని నిర్వహించిన తొలి ముస్లిం ఆయనే. 1932 ఫిబ్రవరిలో స్నాతకోత్సవ సభలో బీనా దాస్ అనే విద్యార్థిని బెంగాల్ గవర్నరుపై కాల్పులు జరిపినప్పుడు అడ్డుపడి ఆమెను పట్టుకున్నది కూడా ఆయనే. ఇంట్లో రెండు లోకాలు పక్కపక్కనే ఉండేవి. తండ్రిది ఆంగ్ల విద్య, ఆంగ్ల పద్ధతి. తల్లిది పాతకాలపు షరీఫ్ ఇంటి సంప్రదాయం. ఆ రెంటి మధ్య పెరిగిన అమ్మాయి పరదా పాటిస్తూనే కాలేజీ చదువు చదివింది.

1933లో, పద్దెనిమిదో ఏట, ముహమ్మద్ ఇక్రాముల్లాహ్‌తో ఆమెకు నికాహ్ జరిగింది. ఆయన ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి. ఉద్యోగరీత్యా ఆయన లండన్ వెళ్ళినప్పుడు ఆమె కూడా వెళ్ళారు. పరాయి దేశంలో, చలిలో, పసిబిడ్డలతో కాపురం అంటే ఏమిటో మన పాఠకుల్లో గల్ఫ్ దేశాలకో, అమెరికాకో కొత్తగా వెళ్ళిన కోడళ్ళను అడిగితే చెబుతారు. ఆమె కుమార్తె సల్మా 1937లో లండన్‌లోనే పుట్టింది. అదే లండన్‌లో, అదే సంవత్సరాల్లో, ఆమె ఉర్దూ నవలా కథా సాహిత్య వికాసంపై పరిశోధన చేసి 1940లో లండన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. ఆ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందిన తొలి ముస్లిం మహిళగా ఆమెను చెప్పుకుంటారు. ఆ పరిశోధన 1945లో పుస్తకంగా వచ్చింది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. ఇంగ్లీషు రాజధానిలో కూర్చున్న ఆ యువతి పరిశోధనకు ఎంచుకున్నది తన ఇంటి భాషను. పరాయి ఊరికి వెళ్ళినవారు తమ ఇంటి మాటను పెట్టె అడుగున దాచేయడం మనం చూస్తూనే ఉన్నాము. ఆమె దానిని విశ్వవిద్యాలయం బల్ల మీద పెట్టారు.

రాయబారి ఇల్లాలి కొలువు

1947లో ఇక్రాముల్లాహ్ పాకిస్తాన్‌కు మొదటి విదేశాంగ కార్యదర్శి అయ్యారు. తరువాతి సంవత్సరాల్లో కెనడాలో, ఫ్రాన్సులో, బ్రిటన్‌లో తన దేశ ప్రతినిధిగా పనిచేశారు. ఆమె ఆయన వెంట ఇల్లు సర్దుకుంటూ, విప్పుకుంటూ సాగారు.

రాయబారి భార్య అనగానే మనకు పట్టు చీరలు, షాండ్లియర్ దీపాలు, విందులు కనిపిస్తాయి. ఆ కాలంలో ఆ ఇల్లాలి పని ఒక జీతం లేని పూర్తి ఉద్యోగం. కొత్త నగరంలో అడుగుపెట్టగానే ఇతర రాయబారుల ఇళ్ళకు వరుస క్రమంలో మర్యాద పిలుపులకు వెళ్ళాలి. విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తెలియాలి. ఒక్క కుర్చీ తారుమారైతే రెండు ప్రభుత్వాల మధ్య మాట పట్టింపు రావచ్చు. ముస్లిం కుటుంబమైతే హలాల్ మాంసం ఎక్కడ దొరుకుతుందో వెతకాలి. పరాయి మర్యాదకు లోటు రాకుండా, తన ధర్మానికి మచ్చ రాకుండా బల్ల సర్దాలి. మూడేళ్ళకొకసారి పిల్లల బడి మారుతుంది, భాష మారుతుంది, స్నేహితులు మారతారు. అప్పుడు రాత్రివేళ పిల్లల ఏడుపు వినవలసింది ఆమే. పొద్దున్నే నవ్వుముఖంతో అతిథులను స్వాగతించవలసిందీ ఆమే.

ఇంత పనికీ కాగితాల మీద చోటు లేదు. రాయబార సంబంధాలపై 1961లో వియన్నాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం రాయబారి కుటుంబ సభ్యులకు రక్షణలను, మినహాయింపులను ఇచ్చింది. వారి పని ఏమిటో అందులో ఎక్కడా లేదు. మన దేశపు సంగతీ ఇంతకంటే మెరుగు కాదు. 1949లో భారత విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ. ఆ సర్వీసులో స్త్రీ పెళ్ళి చేసుకోవాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలనే నియమం ఉండేది. సంసార బాధ్యతలు ఉద్యోగానికి అడ్డని ప్రభుత్వం భావిస్తే ఆమెను రాజీనామా చేయమనవచ్చు. పురుషులకు ఇటువంటి షరతు లేదు. ముత్తమ్మ న్యాయస్థానానికి వెళ్ళగా, 1979లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వివక్షను తీవ్రంగా తప్పుబట్టారు. పురుషుడి సంసారం అతని ఉద్యోగానికి అడ్డు కాదని ప్రభుత్వం అంత ధీమాగా ఎందుకు అనుకుంది? ఆ సంసారాన్ని మోసే మనిషి ఇంట్లో ఒకరు ఉచితంగా ఉంటారని దానికి తెలుసు కనుక.

పారిస్‌లో ఒక శీతకాలం

షాయిస్తా ఇల్లాలిగానే ఆగిపోలేదు. పాకిస్తాన్ తొలి రాజ్యాంగ సభలోని ఇద్దరు మహిళల్లో ఆమె ఒకరు. రెండవ వారు బేగం జహానారా షానవాజ్. 1948లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ పారిస్‌లో సమావేశమైనప్పుడు ఆమె తన దేశ ప్రతినిధి బృందంలో ఉన్నారు. సార్వజనీన మానవ హక్కుల ప్రకటన వాక్యం వాక్యంగా చర్చకు వచ్చిన సమావేశం అది. ఆ ప్రకటనలో వివాహానికి సంబంధించిన పదహారవ అధికరణం ఉండాలని గట్టిగా నిలబడిన వారిలో ఆమె ఒకరు. వధూవరుల స్వేచ్ఛాయుత సమ్మతి, వివాహంలో ఇద్దరికీ సమాన హక్కులు అనే సూత్రాలు బాల్యవివాహాలకూ బలవంతపు పెళ్ళిళ్ళకూ అడ్డుకట్ట వేస్తాయని ఆమె భావించారు. 1948 డిసెంబరు 10న ఆ ప్రకటన ఆమోదం పొందింది.

అప్పటికి ఆమె చిన్న కుమార్తె సర్వత్‌కు ఏడాదిన్నర కూడా నిండలేదు. నికాహ్‌లో పెళ్ళికూతురి ఇష్టాన్ని అడగకుండా జరిపే పెళ్ళి ఎంత తప్పో మన ధర్మశాస్త్రం తెలిసిన ఏ ఇంటికీ వేరుగా చెప్పనక్కరలేదు. అయినా పెళ్ళికూతురి మౌనాన్ని పెద్దలు తమకు అనుకూలంగా చదువుకునే ఇళ్ళు నేటికీ ఉన్నాయి. నలుగురు బిడ్డల తల్లి ఒకామె, లోకంలోని దేశాలన్నీ కూర్చున్న సభలో ఆ సమ్మతి కోసం మాట్లాడిందన్న సంగతి మన ఆడపిల్లలకు తెలియాలి.

అదే 1948 ఫిబ్రవరిలో ఆమె తన దేశపు రాజ్యాంగ సభలో మరొక మాట కూడా అన్నారు. సభ సమావేశాలు కరాచీలోనే కాక ఢాకాలో కూడా జరగాలని కోరారు. తమను పట్టించుకోవడం లేదని, వలసగా చూస్తున్నారని తూర్పు ప్రాంత ప్రజల్లో భావన పెరుగుతోందని హెచ్చరించారు. దేశం ఏర్పడి ఏడు నెలలైనా నిండలేదు. ఆ మాటను పట్టించుకున్నవారు లేరు.

ఇల్లు ముక్కలైన వేళ

ఇరవై మూడేళ్ళ తరువాత, 1971లో, ఆ హెచ్చరిక ఆమె గడపలోకే నడిచి వచ్చింది. లండన్‌లో పుట్టిన సల్మా అప్పటికే పాకిస్తాన్ తొలి మహిళా బారిస్టర్‌గా పేరొందింది. ఆర్థికవేత్త రెహ్మాన్ సోభాన్‌ను వివాహమాడి 1962లో ఢాకా చేరి, అక్కడి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధిస్తూ ఉంది. తూర్పు ప్రాంతానికి జరిగిన ఆర్థిక అన్యాయాన్ని లెక్కలతో చూపినవారిలో అల్లుడు రెహ్మాన్ సోభాన్ ప్రముఖుడు. యుద్ధం ముగిసేసరికి తల్లిది ఒక దేశం, కూతురిది మరొక దేశం. అల్లుడు ఆ కొత్త దేశపు తొలి ప్రణాళికా సంఘంలో సభ్యుడు.

మిగిలిన కుటుంబాన్ని కూడా చూడండి. చిన్న కుమార్తె సర్వత్ 1947 జూలైలో, దేశవిభజనకు మూడు వారాల ముందు, కలకత్తాలో పుట్టింది. 1968 ఆగస్టులో కరాచీలో జోర్డాన్ యువరాజు హసన్ బిన్ తలాల్‌తో ఆమె వివాహం జరిగింది. ఆమె కాపురం అమ్మాన్‌లో. ఇక మరిది గారు జస్టిస్ ముహమ్మద్ హిదాయతుల్లాహ్. ఆయన అన్న ఇక్రాముల్లాహ్ పాకిస్తాన్‌ను ఎంచుకోగా, ఆయన భారతదేశంలోనే ఉండిపోయారు. 1968 ఫిబ్రవరిలో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ పదవిని అలంకరించిన తొలి ముస్లిం ఆయనే. మరుసటి ఏడాది జూలైలో తెలుగువారైన వి.వి. గిరి రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేయడానికి పదవి విడిచినప్పుడు, హిదాయతుల్లాహ్ ముప్పై ఐదు రోజులు తాత్కాలిక రాష్ట్రపతిగా వ్యవహరించారు. ఆగస్టు 24న గిరి రాష్ట్రపతిగా ప్రమాణం చేసేవరకు ఆ బాధ్యత ఆయనదే. తరువాత 1979 నుండి 1984 వరకు ఉపరాష్ట్రపతిగా ఉన్నారు.

ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చోవలసిన కుటుంబం నాలుగు దేశాల్లో, నాలుగు పాస్‌పోర్టులతో స్థిరపడింది. వాటిలో మూడు దేశాలు ఒకే యుద్ధంలో చిక్కుకున్నాయి. ఆ రోజుల్లో ఆ తల్లి మనసులో ఏముందో మేము ఊహించి రాయబోము. ఒక్కటి మాత్రం చెప్పగలము. దేశాల పక్షాన వాదించడానికి ప్రతి ఇంట్లో పురుషులు ఉంటారు. దేశాల మధ్య తెగిపోయిన చుట్టరికానికి ఉత్తరం రాసేది, పెళ్ళి కబురు పంపేది, పురిటి వార్త అడిగేది చాలా ఇళ్ళలో తల్లే. రాయబారం అనే మాటకు మొదటి అర్థం ఇదేనేమో.

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) బాటలో

ఇల్లు ముక్కలు కావడం, పరాయి దేశం పోవడం, రాచకార్యంలో సలహా చెప్పడం ముస్లిం స్త్రీకి కొత్త విషయాలు కావు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఉమ్మె సలమా (రజి) జీవితం మన పాఠకులకు తెలిసినదే. మక్కాలో హింస పెరిగినప్పుడు ఆమె భర్తతో కలిసి సముద్రం దాటి అబిసీనియాకు వలస వెళ్ళారు. అక్కడి రాజు నజాషీ కొలువులో హజ్రత్ జాఫర్ (రజి) ముస్లింల పక్షాన చేసిన ప్రసంగం ఇస్లామీయ చరిత్రలో తొలి రాయబార ఘట్టాల్లో ఒకటి. ఆ ఘట్టాన్ని వివరంగా జ్ఞాపకం పెట్టుకుని తరువాతి తరాలకు అందించినది ఆమే. ఆమె చెప్పి ఉండకపోతే ఆ కొలువు మనకు ఇంత స్పష్టంగా కనిపించేది కాదు.

తరువాత మదీనాకు బయలుదేరే వేళ ఆమె ఇల్లు మూడు ముక్కలైంది. పుట్టింటివారు ఆమెను అడ్డగించి ఉంచుకున్నారు. అత్తింటివారు పసిబిడ్డను లాక్కుపోయారు. భర్త ఒంటరిగా మదీనా చేరారు. దాదాపు ఏడాది పాటు ఆమె ప్రతిరోజూ బయటికి వచ్చి కూర్చుని కన్నీరు కార్చేవారని చరిత్రకారులు రాశారు. చివరకు బిడ్డ చేతికి అందిన తరువాత ఒంటె మీద ఆ దూరం దాటారు.

ఇక హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా ఒప్పందం. ఉమ్రా చేయకుండానే వెనుదిరగాలన్న షరతు సహచరుల మనసులను కలచివేసింది. ఖుర్బానీ ఇచ్చి శిరోముండనం చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) చెప్పినా ఎవరూ వెంటనే లేవలేదు. ఆయన గుడారంలోకి వచ్చి ఈ సంగతి ఉమ్మె సలమా (రజి)తో చెప్పారు. ఎవరితోనూ మాట్లాడకుండా ముందుగా తమరే ఖుర్బానీ ఇచ్చి శిరోముండనం చేయించుకోండని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు. చూసినవారందరూ ఆ వెంటనే లేచి ఆయనను అనుసరించారు. చరిత్రగతిని మార్చిన ఒక ఒప్పందం ఆ దినం ఒక ఇల్లాలి మాటతో గట్టున పడింది. ఈ ఘట్టం మన గ్రంథాల్లో భద్రంగా ఉంది, ఆమె పేరుతో ఉంది. ఆ మాట ఎవరిదో మరుగుపరచాలని మన పూర్వీకులు అనుకోలేదు. ఈ పద్ధతి మన ఇళ్ళలోకి ఎందుకు రాలేదో ఆలోచించాలి.

చివరి వరకు కలం

1963లో ఇక్రాముల్లాహ్ మరణించారు. అదే సంవత్సరం ఆమె ఆత్మకథ ఇంగ్లీషులో వెలువడింది. పరదా నుండి పార్లమెంటు దాకా అని దాని పేరు. తరువాత ఆమే దానిని ఉర్దూలోకి తెచ్చారు, తన ఇంటి భాష మాట్లాడే స్త్రీలు చదువుకోవాలని. 1964 నుండి 1967 వరకు మొరాకోలో పాకిస్తాన్ రాయబారిగా పనిచేశారు. ఏళ్ళ తరబడి రాయబారి పక్కన నిలబడిన మనిషి, వైధవ్యం వచ్చిన మరుసటి ఏడాదే ఆ కుర్చీలో తానే కూర్చున్నారు. అంతకాలం ఆమె చేసినది పనే అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏమి కావాలి? ఆ పని రానివారికి ఎవరూ ఆ కుర్చీ ఇవ్వరు.

1991లో తన దగ్గరి బంధువు, పాకిస్తాన్ మాజీ ప్రధాని హుసేన్ షహీద్ సుహ్రవర్దీ జీవితచరిత్రను ప్రచురించారు. అప్పటికి ఆమెకు డెబ్బై ఆరేళ్ళు. ఆమె మరణించిన రెండేళ్ళకు, 2002లో, పాకిస్తాన్ ప్రభుత్వం అక్కడి అత్యున్నత పౌర పురస్కారాన్ని ఆమె పేరిట ప్రకటించింది. పురస్కారాలు ఇలాగే వస్తాయి, అందుకునే చేతులు లేనప్పుడు.

మాకు అన్నిటికంటే ఎక్కువగా నచ్చినది ఆమె మరొక పని. ఢిల్లీ ఆడవారి నోట నలిగే సామెతలను, నుడికారాలను ఆమె సేకరించి పెట్టారు. ఆ పుస్తకం ఆమె మరణానంతరం అచ్చయింది. జనానాల్లో, వంటిళ్ళలో, పెళ్ళి పందిళ్ళలో స్త్రీలు స్త్రీలతో మాట్లాడుకునే ఉర్దూకు ఒక ప్రత్యేకమైన రుచి ఉండేది. పురుషుల దివాన్లలోకి అది పెద్దగా రాలేదు. ఇళ్ళు చెదిరిపోయాక, జనానాలు పోయాక, ఆ మాటలు కూడా పోసాగాయి. ఐక్యరాజ్యసమితిలో ప్రసంగించిన మనిషి, రాజులతో భోజనం చేసిన మనిషి, అవ్వల మాటలను ఏరి మూటకట్టుకున్నారు. పోయేది ఏదో, ఉండేది ఏదో ఆమెకు తెలుసు.

ఆమె బిడ్డల్లో ఆమె ఎలా మిగిలారో కూడా చూడాలి. సల్మా సోభాన్ 1986లో మరికొందరితో కలిసి ఢాకాలో ఐన్ ఓ సాలిష్ కేంద్ర అనే సంస్థను స్థాపించారు. న్యాయస్థానం మెట్లెక్కలేని పేదలకు, ముఖ్యంగా స్త్రీలకు న్యాయ సహాయం అందించడం దాని పని. తల్లి పోయిన మూడేళ్ళకు, 2003 డిసెంబరులో, ఆమె కూడా కన్నుమూశారు. ఆ సంస్థ మాత్రం నిలిచింది. సర్వత్ జోర్డాన్‌లో స్త్రీల విద్య కోసం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల చదువు కోసం పనిచేశారు. పారిస్ సభలో తల్లి అన్న మాటకూ ఢాకా గల్లీలో కూతురు నడిపిన కేసుకూ మధ్య దారి కనిపిస్తూనే ఉంది. మనిషి పోయాక కూడా పుణ్యం ఆగని పనులను మనం సదఖయె జారియా అంటాము. అందులో బావి తవ్వించడం ఉంది, మస్జిదు కట్టించడం ఉంది. తల్లి తన బిడ్డలో వదిలిపోయే న్యాయబుద్ధి కూడా ఆ కోవలోనిదే అని మేము నమ్ముతాము.

మన ఇళ్ళలో ఏమి చేయాలి?

మన తల్లులు రాయబారుల భార్యలు కారు, ఐక్యరాజ్యసమితి చూడలేదు అని మా పాఠకులు అనవచ్చు. నిజమే. కాని నెల్లూరు నుండి, కడప నుండి, నిజామాబాదు నుండి, కరీంనగర్ నుండి భర్త వెంట రియాద్, జెద్దా, దుబాయి వెళ్ళి, రెండు గదుల్లో నలుగురు పిల్లలను పెంచి తిరిగివచ్చిన తల్లులు మన మధ్య ఎందరో ఉన్నారు. భర్త ఒక్కడే వెళ్ళగా, ఇరవై ఏళ్ళు ఇక్కడ ఇంటినీ, అత్తమామలనూ, అప్పులనూ, ఆడపిల్లల పెళ్ళిళ్ళనూ ఒంటిచేత్తో నడిపిన తల్లులు ఇంకా ఎక్కువమంది. వారి ప్రయాణాలు ఏ పుస్తకంలోనూ లేవు. రాయవలసినది మనమే. ఇందుకు మేము కొన్ని సూచనలు చేయదలిచాము.

మొదటిది. తల్లి బ్రతికి ఉండగానే ఆమెను అడగండి. ఏ ఊళ్ళో పుట్టింది, ఏ బడికి వెళ్ళింది, ఎందుకు మానింది, మొదటిసారి రైలు ఎప్పుడెక్కింది, ఎవరికి ఉత్తరాలు రాసేది, ఏమి కావాలనుకుని కాలేకపోయింది. చివరి ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి. అయినా అడగండి. చేతిలో ఫోను ఉంది, ఆమె గొంతును అందులో నిక్షిప్తం చేయండి.

రెండవది. ఆమె మాటలను రాసిపెట్టండి. మన తల్లులు వీధిలో తెలుగు, ఇంట్లో దక్కనీ మాట్లాడతారు. కొన్ని ఇళ్ళలో ఇంటా బయటా తెలుగే. నక్కో, హౌ, కైకు అనే మాటలను కూడా మన పిల్లలు మోటుగా భావించి నవ్వుతున్నారు. వాటి వెనుక నాలుగైదు శతాబ్దాల దక్కను నేల ఉందని వారికి తెలియదు. కూతురికి బుద్ధి చెప్పేటప్పుడు, బిడ్డను నిద్రపుచ్చేటప్పుడు, కోడలిని మెచ్చుకునేటప్పుడు మీ అమ్మ వాడే నుడికారాలు ఒక నోటు పుస్తకంలోకి ఎక్కితే, అది మీ ఇంటి షాయిస్తా బేగం చేసిన పని అవుతుంది.

మూడవది. ఆమె పోయిన తరువాత ఆమె అప్పులు, అమానతులు, మాట ఇచ్చిన బాధ్యతలు తీర్చండి. ఆమె స్నేహితురాళ్ళను మరువకండి. తల్లిదండ్రుల స్నేహితులతో సంబంధం నిలుపుకోవడం వారి పట్ల సద్వర్తనలో భాగమని మన ధర్మం నేర్పింది. ఆమె ఏటా ఈదుకు సేమియా పంపే ఇల్లు ఏదో తెలుసుకుని, ఈ ఏడు కూడా పంపండి. ఆ గిన్నె ఆగినప్పుడే ఆమె ఆ వీధి నుండి నిజంగా వెళ్ళిపోతుంది.

నాలుగవది. ఆమె వాటాను ఆమె పేరున చెప్పండి. ఇల్లు కట్టింది నాన్న అనేటప్పుడు, ఆ ఇంటికి అమ్మిన గాజులు ఎవరివో కూడా చెప్పండి. అన్న చదువుకున్నాడు అనేటప్పుడు, ఆ ఫీజు కోసం ఎవరు రాత్రిళ్ళు కుట్టు మిషను తొక్కారో చెప్పండి. నాన్న గౌరవం ఇందువల్ల తరగదు. అతిగా పొగడనూ వద్దు. లేని గొప్పలు అంటగడితే ఆ తల్లి మనకు దొరకదు, ఒక బొమ్మ దొరుకుతుంది. ఆమె కోపం, ఆమె పంతం, ఆమె పొరపడిన నిర్ణయాలు కూడా మర్యాదగా జ్ఞాపకంలో చోటు చేసుకోవాలి. లోపాలతో కూడిన మనిషి కోసమే కదా మనం మగ్ఫిరత్ వేడుకుంటున్నాము!

ఐదవది, విదేశాల్లో ఉన్న బిడ్డలకు. జనాజాకు అందుకోలేకపోయామన్న బాధ మీలో ఎందరినో తొలుస్తూ ఉంటుందని మాకు తెలుసు. విమానం టిక్కెట్టు దొరకలేదు, సెలవు దొరకలేదు, వీసా చిక్కు వచ్చింది. ఆ బాధకు మా వద్ద మందు లేదు. అయితే దూరాన ఉన్న బిడ్డ దుఆకు వీసా అక్కరలేదు. ఆమె పేరిట చేసే దానానికి సరిహద్దు లేదు. నమాజు తరువాత తల్లి కోసం ఎత్తిన చేతులు చికాగోలో ఉన్నా, కర్నూలులో ఉన్నా వినేవాడు ఒక్కడే.

తల్లులు బ్రతికి ఉన్నవారు ఈ పత్రికను పక్కన పెట్టి, ఈ పూటే ఆమెను ఒక్క ప్రశ్న అడగండి. తల్లులు లేనివారు ఆమె గురించి ఒక్క పుట రాయండి. మంచి మనిషి అన్న మాటతో ఆపకుండా, ఎలాంటి మంచి మనిషో రాయండి. మన ముందు వెళ్ళిపోయిన తల్లులందరి సమాధులను అల్లాహ్ కాంతితో నింపుగాక, వారి పొరపాట్లను మన్నించుగాక, వారు మన కోసం నడిచిన దూరాలన్నిటినీ వారి సత్కర్మల్లో లెక్కించుగాక. ఆమీన్.